డెస్క్‌టాప్ సపోర్ట్ నుంచి నెట్‌వర్కింగ్‌లోకి మారడం ఎలా?

ప్రశ్న (భీమవరం నుంచి):

నేను ఇక్కడి ఒక కళాశాలలో కొన్నేళ్లుగా డెస్క్‌టాప్ సపోర్ట్ చేస్తున్నాను. విండోస్ ఎక్కించడం, ప్రింటర్లు సరిచేయడం, ర్యామ్ మార్చడం వరకే నా పని. కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లున్న గది తాళం కాంట్రాక్టు సంస్థ వారి దగ్గరే ఉంటుంది. సీసీఎన్ఏ (నెట్‌వర్కింగ్‌లో సిస్కో సంస్థ ఇచ్చే సర్టిఫికెట్) చేయాలంటే ఉద్యోగం మానుకుని అమీర్‌పేటలో కోర్సులో చేరక తప్పదని మిత్రులు అంటున్నారు. ఇంటి పరిస్థితుల వల్ల అది నాకు సాధ్యం కాదు. ఇక్కడే ఉండి ఈ రంగంలోకి మారే దారి ఉంటే పెద్దలు చెప్పగలరు.

సమాధానం 1 (రాజమహేంద్రవరం నుంచి):

అమీర్‌పేట సంగతి తర్వాత చూడవచ్చునండి. మీ దగ్గరికి రోజూ వచ్చే ఫిర్యాదులలోనే సగం పాఠం ఉంది. ‘నెట్ రావడం లేదు’ అని ఎవరైనా పిలిచినప్పుడు కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి వచ్చేయకుండా, ముందు ఆ కంప్యూటర్ ఐపీ అడ్రసును (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు సంఖ్యను) చూపే ఐపీకాన్ఫిగ్ కమాండ్ ఇచ్చి చూడండి. అడ్రసు 169.254తో మొదలైతే, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు అందక విండోస్ తనంతట తానే ఒక అడ్రసు పెట్టుకున్నదని అర్థం. అదే గదిలో పక్క కంప్యూటర్‌కు సరైన అడ్రసు వస్తూ ఉంటే సర్వర్‌ను అనుమానించనక్కరలేదు. ఈ కేబుల్‌నో, స్విచ్‌లో ఈ పోర్టును వేసిన వీల్యాన్‌నో (స్విచ్‌లో వేరుచేసిన ఉప నెట్‌వర్క్‌నో) చూడాలి. అడ్రసు సరిగానే ఉంటే గేట్‌వేకు (బయటికి దారి ఇచ్చే రూటర్‌కు), ఆ తర్వాత ఇంటర్నెట్‌లోని గూగుల్ సర్వర్ 8.8.8.8కు పింగ్ చేయండి, అంటే జవాబు కోరే చిన్న సందేశం పంపండి. రెండింటి నుంచీ జవాబు వస్తూ, వెబ్‌సైట్లు మాత్రం పేరుతో తెరుచుకోకపోతే లోపం చాలావరకు పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్‌లోనే ఉంటుంది. ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపివేసే చోట్లు కూడా ఉంటాయి కనుక, జవాబు రానంత మాత్రాన లైను తెగిందని తేల్చేయకండి.

ఇదంతా రాసిపెట్టి కాంట్రాక్టు వారికి అందిస్తూ ఉంటే, కొన్నాళ్లకు వారే మిమ్మల్ని స్విచ్ గదిలోకి పిలుస్తారు. ఇంటి దగ్గర సాధనకు సిస్కో వారి ప్యాకెట్ ట్రేసర్ అనే సిమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది. పుస్తకం మాత్రం సీసీఎన్ఏ 200-301 పరీక్షకు రాసినదే కొనండి; ఆ పరీక్ష 2020 ఫిబ్రవరిలో మొదలైంది, పాత పుస్తకాలలో ఆటోమేషన్ (నెట్‌వర్క్ పనులను ప్రోగ్రాములతో చేయించడం) భాగం సరిపోదు.

ప్రశ్నించినవారు:

ధన్యవాదాలండి. సబ్‌నెట్టింగ్ (అడ్రసులను చిన్న భాగాలుగా విడగొట్టడం) దగ్గరే ప్రతిసారీ ఆగిపోతున్నాను. లెక్క చేయగలను కానీ ఎందుకు చేస్తున్నానో తెలియడం లేదు.

సమాధానం 2 (కాకినాడ నుంచి):

లెక్క చిన్నదే. స్లాష్ తర్వాతి సంఖ్య, అడ్రసులోని 32 బిట్లలో నెట్‌వర్క్‌ను సూచించేవి ఎన్నో చెబుతుంది. 256 అడ్రసులున్న స్లాష్ 24 నెట్‌వర్క్‌ను స్లాష్ 26గా విడగొడితే 64 చొప్పున నాలుగు భాగాలవుతాయి. ప్రతి భాగంలో నెట్‌వర్క్ అడ్రసు (ఆ భాగాన్ని సూచించేది), బ్రాడ్‌కాస్ట్ అడ్రసు (అందరికీ ఒకేసారి పంపడానికి) పోగా 62 మిగులుతాయి. ప్రయోజనం మన కాలువల్లో కనిపిస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీరు వదిలేవారికి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు ఎంతెంత పంపాలో తెలిస్తే చాలు. ఏ చేనుకు ఏ బోదె ద్వారా నీరందుతుందో కింది వారు చూసుకుంటారు. అలాగే కళాశాల మొత్తానికి 10.20తో మొదలయ్యే అడ్రసులనే కేటాయించి భవనాలకు వరుసగా పంచితే, పై రూటర్‌కు 10.20.0.0/16 అనే ఒక్క రూటు (దారి చూపే నమోదు) సరిపోతుంది. ఇష్టం వచ్చినట్టు పంచితే ప్రతి భవనానికీ విడిగా రూటు రాసుకోవలసి వస్తుంది.

సమాధానం 3 (అమలాపురం నుంచి):

పై ఇద్దరి మాటా సరైనదే కానీ, సిమ్యులేటర్‌తోనే సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. మన ఊళ్లలో ఇళ్లకు ఫైబర్ కనెక్షన్లు ఇచ్చే స్థానిక ఆపరేటర్లతో సెలవు రోజుల్లో తిరిగి చూడండి. జీపాన్‌లో (ఒకే ఫైబర్‌ను పలు ఇళ్లకు పంచే పద్ధతిలో) ఇంటి పరికరానికి అందే కాంతి, వాడుకలో ఉన్న బీ ప్లస్ తరగతి పరికరాల్లో మైనస్ 27 డీబీఎం (కాంతి బలానికి కొలమానం) కంటే పడిపోతే లైను నిలకడగా ఉండదు. ఆ కాంతిని కొలిచే మీటరు చేత్తో పట్టుకుని వంగిన తీగను, మురికి కనెక్టరును వెతికినవారికి భౌతిక పొర (నెట్‌వర్క్‌లో తీగలు, కనెక్టర్ల స్థాయి) గురించి వేరే పాఠం అక్కరలేదు.

ఇంకొక సంగతి. మొదటి ఉద్యోగం బహుశా ఎన్‌ఓసీలో (నెట్‌వర్క్‌ను నిరంతరం గమనించే కేంద్రంలో), రాత్రి షిఫ్టుల్లో దొరుకుతుంది. జీతం ఇప్పటికంటే పెద్దగా పెరగకపోవచ్చు. దానికి ఇంట్లోవారిని ముందే ఒప్పించుకోండి. సీసీఎన్ఏ గడువు మూడేళ్లే కనుక, ఉద్యోగాలకు దరఖాస్తు చేయడానికి సిద్ధమైనప్పుడే పరీక్ష ఫీజు కట్టండి.