బాత్రూం సీలింగ్‌కీ కార్నిస్‌కీ మధ్య సందు: దేంతో పూడ్చాలి?

కొత్తటైల్స్:
బాత్రూం పని చివరికొచ్చింది. పాత టైల్స్ పగలగొట్టి కొత్తవి వేయించాం. జిప్సం బోర్డు సీలింగు, పీఓపీ కార్నిస్ (గోడా సీలింగూ కలిసే చోట చుట్టూ పెట్టే పట్టీ) మాత్రం పాతవే ఉంచేశాం. రంగు వేసే ముందు నిచ్చెనెక్కి చూస్తే కార్నిస్ పై అంచుకీ సీలింగ్‌కీ మధ్య చుట్టూతా సందు కనిపిస్తోంది. తలుపు వైపు వెంట్రుకంత గీత. షవర్ గోడ వైపు మాత్రం ఐదారు మిల్లీమీటర్లుంది. పెయింటర్ లప్పం పెట్టేసి రంగు వేస్తానంటున్నాడు. టైల్స్ వేసినతను సిలికాన్ కొట్టమంటున్నాడు. ఎవరి మాట వినాలో చెప్పండి.

గోడరంగు:
సిలికాన్ వద్దండి. దాని మీద రంగు నిలవదు, ఒకసారి పూశాక పూర్తిగా గీకి తీయడమూ కష్టమే. రంగు వేసుకోదగిన అక్రిలిక్ సీలెంట్ అని ట్యూబుల్లో వస్తుంది, అది తీసుకోండి. బాత్రూం కాబట్టి బూజు పట్టని రకమైతే ఇంకా మంచిది.

తాపీచేయి:
అక్రిలిక్ మంచిదే, కానీ ట్యూబు తెరవడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఒక గోడకి వెంట్రుకంత, ఇంకో గోడకి ఆరు మిల్లీమీటర్లు అంటే ఆ రెండూ ఒకే జబ్బు కాదు. సన్న గీత ఎక్కడైనా వస్తుంది. సీలింగూ గోడా వేర్వేరుగా కదులుతాయి, వేడికీ చెమ్మకీ సాగి ముడుచుకుంటాయి. ఆరు మిల్లీమీటర్లంటే అక్కడ కార్నిస్ పట్టు వదిలి కిందికి జారి ఉండొచ్చు.

వేలి మెటికలతో కార్నిస్‌ని పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. కార్నిస్ వెనక ఎలాగూ కొంత ఖాళీ ఉంటుంది కాబట్టి అంతటా కాస్త బోలుగానే వినిపిస్తుంది. తలుపు వైపు శబ్దానికీ షవర్ వైపు శబ్దానికీ తేడా ఉందేమో వినాలి. ఆ తర్వాత అరచేత్తో మెల్లగా పైకి ఒత్తండి. కదిలిందా, అక్కడ ఏ సీలెంటూ పనికిరాదు. టైల్స్ పగలగొట్టేటప్పుడు సుత్తి దెబ్బలకి పాత అతుకు వదిలేయడం మామూలే. చెమ్మ తగిలితే జిప్సం బలం తగ్గుతుంది, అందుకే షవర్ వైపే ముందు వదులుతుంది. సీలింగ్ మీద గోధుమరంగు మరకలేమైనా ఉన్నాయేమో కూడా చూడండి. ఉంటే పైనుంచి నీరు దిగుతోందన్నమాట, ముందు అది ఆపాలి.

కదలని చోట పని తేలిక. గీతని బ్లేడు మూలతో కొద్దిగా వెడల్పు చేసి, పెచ్చులూ దుమ్మూ దులిపి, అక్రిలిక్ సన్నగా పూసి తడి వేలితో నునుపు చేయండి. అందులో నీరుంటుంది కాబట్టి ఆరేకొద్దీ లోపలికి కుంగుతుంది. రెండో పూత వేస్తేనే సమంగా వస్తుంది. పెయింటర్ చెప్పిన లప్పం ఆరాక బిగుసుకుపోతుంది, ఏమాత్రం సాగదు. సీలింగ్ కాస్త కదిలితే మళ్లీ అదే గీత తేలుతుంది.

వెడల్పు సందులో నేరుగా సీలెంట్ కొడితే అది కార్నిస్ వెనకున్న ఖాళీలోకి పడిపోతుంది. సందు కంటే కొంచెం లావైన ఫోమ్ తాడు లోపలికి దూర్చి, దాని మీద పూయాలి. అప్పుడు సీలెంట్ అటు అంచునీ ఇటు అంచునీ మాత్రమే పట్టుకుంటుంది, కదిలినప్పుడు సాగగలుగుతుంది.

కొత్తటైల్స్:
తట్టి చూశాను. షవర్ మూల దగ్గర చేతి పొడవంత భాగం బోలుగా మోగుతోంది, ఒత్తితే కదులుతోంది కూడా. మరకల్లేవు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆ మూలలోనే ఉంది. జాలీ విప్పి చూస్తే దాని గొట్టం బయటి దాకా వెళ్లలేదు, సీలింగ్ పైనున్న ఖాళీలోనే వదిలేశారు.

తాపీచేయి:
చాలా మంచి పని చేశారు, అసలు కారణం దాదాపు అదే. స్నానం చేసినప్పుడల్లా ఆవిరంతా ఆ సీలింగ్ పైకే చేరింది. గొట్టాన్ని గోడ బయటి దాకా పొడిగించండి. ఫ్యాన్ జోలికెళ్లే ముందు కరెంటు మెయిన్ ఆపేయండి. ఆ తర్వాత బోర్డుని పూర్తిగా ఆరనివ్వండి. ఇక్కడ తొందరపడొద్దు. వేలితో నొక్కితే మెత్తగా ఉన్న బోర్డుని మార్చడమే మేలు.

వదులైన ముక్కని లాగే ముందు కింది అంచున, గోడకి ఆనే చోట రంగు పొరని కత్తితో కోయండి, లేకపోతే గోడ రంగు పెచ్చులుగా ఊడొస్తుంది. ముక్క దించి, పాత అతుకంతా రెండు వైపులా గీకేయండి. రంగు బాగా పాతదైతే సీసం ఉండొచ్చు, పొడిగా రుద్దకండి. అంచులు కాస్త తడిపి, కొత్తగా కలిపిన పీఓపీతో ఆ ముక్కని తిరిగి అతికించండి. పొడి జిప్సం తడినంతా పీల్చేస్తే అతుకు పొడిపొడిగా రాలుతుంది. గట్టిపడే దాకా కింద చిన్న మేకులు ఆసరా ఇవ్వండి. ఆ ముక్క రెండు చివరలూ పక్క కార్నిస్‌తో కలిసే సందునీ అదే పీఓపీతో పూడ్చవచ్చు.

కొత్తటైల్స్:
అలాగేనండి, చాలా థాంక్స్. ప్రైమర్ సీలెంట్ ముందా, తర్వాతా?

గోడరంగు:
కొత్త పీఓపీ మీదైతే ముందు ప్రైమర్, దాని మీద సీలెంట్, ఆపైన రంగు. ట్యూబు మీద రాసిన గంటలు పూర్తయ్యేదాకా రంగు వేయకండి, షవర్ కూడా వాడకండి. పైపైన తోలు కట్టినా లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది.