ఎం10 ట్యాప్ మళ్లీ విరిగింది, తప్పెక్కడ?

ప్రశ్న, దేవరకొండ నుంచి:
అన్నా, నాది చిన్న వెల్డింగ్ షాపు. కల్టివేటర్ కోసం 12 ఎంఎం ఇనుప ప్లేటుకు ఎం10 (10 ఎంఎం బోల్టు) థ్రెడ్ వేస్తున్నా. థ్రెడ్ టైటుగా పడాలని 8 ఎంఎం డ్రిల్ వేశాను. ట్యాప్ (రంధ్రం లోపల థ్రెడ్ కోసే పనిముట్టు) సగం దిగగానే పుటుక్కుమంది. వారంలో ఇది రెండోది. ట్యాప్ నాసిరకమా? ముక్క ఇంకా రంధ్రంలోనే ఉంది.

జవాబు, మిర్యాలగూడ నుంచి:
తమ్ముడూ, డ్రిల్లే తప్పు. బోల్టు సైజులోంచి పిచ్, అంటే పక్కపక్క చుట్ల మధ్య దూరం, తీసెయ్: 10లో 1.5 పోతే 8.5. ఎం8కి 6.8, ఎం12కి 10.2. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. ఆ లోహమంతా పాపం ట్యాపే కోయాలి. రంధ్రం చిన్నదైనంత మాత్రాన బోల్టు పట్టు పెద్దగా పెరగదు. రైస్‌మిల్లు పనుల్లో నేనూ ఇలాగే విరగ్గొట్టుకున్నవాణ్ణే.

సెట్‌లో మూడుంటాయి, మొన సన్నగా ఉన్నది ముందు దింపు. అడుగు మూసుకుపోయిన రంధ్రమైతేనే మూడోదాంతో అసలు పని. మొదటి రెండు చుట్లప్పుడు మూలమట్టం ఆనించి రెండు వైపులా చూడు. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. రజను తెగడం చేతికి తెలుస్తుంది. ఇనుముకు కటింగ్ ఆయిల్, అల్యూమినియానికి కిరోసిన్, పోత ఇనుముకు ఏమీ వద్దు.

ముక్క కొంచెం పైకి కనబడితే నట్టు పెట్టి వెల్డ్ కొట్టి, చల్లారాక వెనక్కి తిప్పు. మామూలు డ్రిల్‌తో తొలవాలని చూడకు, డ్రిల్ మొనే పోతుంది.

జడ్చర్ల నుంచి ఇంకొకరు:
పాత పంపుసెట్లు వస్తే జాగ్రత్త. 3/8 విట్‌వర్త్ (పాత బ్రిటిష్ అంగుళాల కొలత) బోల్టు చూడ్డానికి ఎం10 లాగే ఉంటుంది, కానీ 9.5 ఎంఎం, అంగుళానికి 16 చుట్లు. ఎం10కి దాదాపు 17. ఆ రంధ్రంలో ఎం10 ట్యాప్ దింపితే ఉన్న థ్రెడ్ కూడా పోతుంది. చుట్ల దూరం కొలిచే పిచ్ గేజ్ ఒకటి కొనుక్కో. డై (రాడ్ బయట థ్రెడ్ కోసే పనిముట్టు) కొట్టేటప్పుడు రాడ్ కొసను గ్రైండర్‌తో ఏటవాలుగా తియ్యి. నల్ల రాడ్ (నునుపు చేయని ముడి రాడ్) 10 ఎంఎం కన్నా లావుంటే డై పట్టదు.

దేవరకొండ:
నట్టుతో ముక్క వచ్చేసిందన్నా! అదే రంధ్రాన్ని 8.5కి పెంచొచ్చా?

మిర్యాలగూడ:
పెంచు. కొత్త ట్యాప్‌ను ముందు వేళ్లతోనే తిప్పు, పాత గాడి దొరికాకే హ్యాండిల్ తగిలించు.