చంపిన రాక్షసులనే మళ్లీ మళ్లీ చంపడంలో ఏముంది?

నీలిదీపం అడిగిన ప్రశ్న:

మా తమ్ముడు పాత్ ఆఫ్ ఎగ్జైల్ ఆడతాడు. నేనూ ఆటలు ఆడేదాన్నే, కానీ కథ ఉన్నవి. కథ ముగిశాక ఆ ఆటను మళ్లీ తెరవను. వాడు అలా కాదు. తొంభై మూడో లెవెల్ దాకా పెంచుకున్న మంత్రగత్తెను కొత్త లీగ్, అంటే అందరూ మొదటి నుంచి ఆడే కొత్త సీజన్, మొదలైన రోజున అలాగే వదిలేశాడు. సముద్రపు ఒడ్డున ఒకటో లెవెల్ నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. అదే ఒడ్డు, అవే రాక్షసులు. పాత్రలు చెప్పే మాటలైతే చదవనే చదవడు.

నిన్న వాడి వెనక నిలబడి చూస్తున్నాను. నేల మీద ఏదో పడింది. ఒక మోత, ఒక చిన్న పేరు, అంతే. వాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నాకు అక్కడ ఏమీ కనిపించలేదు. వాడికి కనిపించింది ఏమిటో తెలుసుకోవాలని ఉంది. దయచేసి వ్యసనం అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి.

ఇనుపతాళం జవాబు:

నీలిదీపం గారూ, మీ తమ్ముడికి కనిపించినది నాకు డయాబ్లో 2లో కనిపించింది. 2000 జూన్‌లో వచ్చిన ఆట అది. ఒకే ఒక్క సంఘటన చెబుతాను, కొంచెం ఓపికగా చదవండి.

అందులో మెఫిస్టో అనే బాస్, అంటే పెద్ద రాక్షసుడు, ఉంటాడు. భూగర్భ కారాగారం మూడో అంతస్తులో కూర్చుని ఉంటాడు. నా పాత్ర సోర్సెరెస్ అనే మంత్రగత్తె. ఆమెకు టెలిపోర్ట్, అంటే ఒకచోట మాయమై ఇంకోచోట తేలడం, వచ్చు కాబట్టి రెండో అంతస్తులో దిగి, మెట్ల కోసం గోడలు దాటుకుంటూ వెతుకుతాను. ఆన్‌లైన్‌లో కొత్త ఆట తెరిచిన ప్రతిసారీ ఆ దారులు మారిపోతాయి, కాబట్టి నిన్నటి దారి ఈరోజు పనికిరాదు. కిందికి దిగాక మెఫిస్టోకూ నాకూ మధ్య కందకం ఉండేలా నిలబడి, అవతలి ఒడ్డు మీద మంచు కురిపిస్తాను. అతను దాటి రాలేడు. చివరికి కూలిపోతాడు, చుట్టూ వస్తువులు చెల్లాచెదురుగా పడతాయి.

అప్పుడు చెవి పనిచేస్తుంది. ఉంగరం పడితే టింగుమని సన్నని చప్పుడు. కవచాల చప్పుడు వేరు, రూన్ అనే మంత్రాక్షరాల రాయి చప్పుడు వేరు. కళ్లు వెతికేలోపే చెవికి తెలిసిపోతుంది. ఉంగరం పేరు బంగారు రంగులో ఉంటే అది యూనిక్, అంటే సొంత పేరున్న అరుదైన వస్తువు. కానీ ఏ యూనిక్ అన్నది, వస్తువును గుర్తించే స్క్రోల్ చదివితే గానీ బయటపడదు. చాలాసార్లు నాగెల్‌రింగ్ అవుతుంది. ఎప్పుడో ఒకసారి స్టోన్ ఆఫ్ జోర్డాన్ అవుతుంది.

బంగారు అక్షరాల ఉంగరం మొదటిసారి దొరికినప్పుడు నేను వెంటనే స్క్రోల్ తెరవలేదు. ఊరికి తిరిగి వచ్చాను. అమ్మాల్సినవి అమ్మాను. పెట్టెలో సామాను సర్దాను. సంచిలో ఆ ఉంగరం అలాగే ఉంది. తెరవనంతసేపు అది రెండు ఉంగరాలూ అవుతుంది కదా. మీ తమ్ముడు కుర్చీలోంచి లేచింది ఆ క్షణంలోనే అని నా నమ్మకం.

బహుమానం ఎప్పుడు వస్తుందో తెలియకపోతే ప్రాణి ఇంకా పట్టుదలగా ప్రయత్నిస్తుందని మనస్తత్వవేత్త స్కిన్నర్ ప్రయోగాలు చూపించాయి. ఈ ఆటల గురించి మాట వస్తే ఎవరో ఒకరు ఆయన పేరు ఎత్తుతారు. అది నిజమే, అయినా నాకు చాలదు. జూదంలో వచ్చేది ఎప్పుడూ డబ్బే. ఇక్కడ వచ్చిన వస్తువుకు ఒక చోటు ఉంటుంది. స్టోన్ ఆఫ్ జోర్డాన్ అన్ని నైపుణ్యాలనూ ఒక మెట్టు పెంచుతుంది, మంత్రాలు వేయడానికి ఖర్చయ్యే మానాను పెంచుతుంది. అది నా ఎడమ చేతి వేలికి ఎందుకు కావాలో, అది వచ్చాక దేన్ని తీసేయవచ్చో నాకు ముందే తెలుసు. నెలల తరబడి నా బుర్రలో ఖాళీగా ఉంచిన గడి అది.

డయాబ్లో 3 చూడండి. 2012లో వస్తువులు కొనుక్కోవడానికి వేలంశాల పెట్టారు. కావలసిన కత్తి అక్కడ దొరికేసరికి నేల మీద పడేవాటికి విలువ తగ్గిపోయింది. రాక్షసులను చంపి వస్తువు సంపాదించుకోవడమనే ఆట ప్రాణమే దెబ్బతింటోందని తయారీదారులే ఒప్పుకొని, 2014 మార్చి 18న దాన్ని మూసేశారు. ఆటగాళ్లకు కావలసింది కత్తి మాత్రమే అయితే ఆ వేలంశాల ఇప్పటికీ నడిచేది.

వేరుకొమ్మ జవాబు:

ఇనుపతాళం గారు ఉంగరం గురించి బాగా చెప్పారు. కానీ మీ తమ్ముడు ఆడే ఆటలో నన్ను కట్టిపడేసింది వస్తువు కాదండి, ఆ నైపుణ్యాల చెట్టు. ఒకసారి తెరిచి చూపించమనండి. వెయ్యికి పైగా చుక్కలు, వాటిని కలిపే గీతలు. ఒక్కో పాయింటుకు ఒక్కో చుక్క తీసుకోవచ్చు. మనకు దొరికే పాయింట్లు నూరు, నూట ఇరవై. అంటే చెట్టులో చాలా భాగాన్ని వదులుకోవాల్సిందే. ఏది వదలాలన్నదే నా ఆట.

నేను మొదటిసారి అందంగా కనిపించిన చుక్కలన్నీ తీసుకుంటూ పోయాను. అరవై ఎనిమిదో లెవెల్‌లో ప్రతి దెబ్బకూ చచ్చిపోతున్నాను. ప్రాణశక్తి పెంచే చుక్కలు పక్కనే ఉన్నా దాటేసి వచ్చానని అప్పుడు అర్థమైంది. తప్పు తీసుకున్న ఒక్కో పాయింటును వెనక్కి తీసుకోవడానికి ఒక్కో ఆర్బ్ ఆఫ్ రిగ్రెట్ (పశ్చాత్తాపపు గోళం) ఖర్చు చేశాను. పేరుకు తగ్గ పని చేస్తుంది. 2013లో ఆట వచ్చినప్పుడు అందులో బంగారు నాణేలే లేవు. వస్తువులను మార్చే ఆర్బులే డబ్బు. కేయాస్ ఆర్బ్‌ను నా కత్తి మీద వాడాలా, దాచుకుని ఇంకేదైనా కొనాలా అని అరగంట కూర్చున్న రాత్రులు ఉన్నాయి.

కొత్త లీగ్‌లో మొదటి నుంచి ఎందుకంటారా? పోయినసారి చెట్టులో చూసిన దారి ఒకటి మనసులో మిగిలిపోతుంది కాబట్టి.

చివరిశ్వాస జవాబు:

నేను హార్డ్‌కోర్ మాత్రమే ఆడతాను. ఒక్కసారి చస్తే ఆ క్యారెక్టర్ ఆ లీగ్ నుంచి వెళ్లిపోయినట్టే. పోయిన లీగ్‌లో ఎనభై ఏడో లెవెల్‌లో పోయాను. మూడు రోజులు ఆట ముట్టలేదు. నాలుగో రోజు తెరిచాను.

లీగ్ మొదటి రోజు గురించి ఒక మాట. ఆ రోజు అందరి చేతులూ ఖాళీ. పదేళ్లుగా ఆడుతున్నవాడు, నిన్న చేరినవాడు అదే ఒడ్డున నిలబడతారు. ముఖం తెలియని మనిషి ఒకరు నాకు ఒక జత బూట్లు ఇచ్చి, పరుగెత్తు అని రాసి వెళ్లిపోయారు. వారం గడిచాక అలాంటి బూట్లకు విలువ లేదు. ఆ గంటలో ఉంది.

నీలిదీపం:

అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. చెట్టు తెరిచి చూపించాడు, తాను చేసిన రెండు తప్పులు కూడా వేలు పెట్టి చూపించాడు. బూట్ల సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తాను ఎవరికో ఇచ్చిన విల్లు గురించి చెప్పాడు.

నాకోసం కొత్త క్యారెక్టర్ తెరిచి ఇచ్చి బయటికి వెళ్లాడు. గంటసేపు ఆడాను. రెండుసార్లు చచ్చాను. ఇప్పుడే ఒక ఉంగరం పడింది, పసుపు అక్షరాలు. స్క్రోల్ ఉంది. ఇంకా చదవలేదు. వాడు వచ్చాక ఇద్దరం కలిసి చూస్తాం.