ఇంజిన్ మౌంట్ బోల్టు ఎంత తిప్పినా బిగుసుకోవట్లేదు, అర్జెంట్

గాలివాటం:
పొద్దున్నుంచీ ఇంజిన్ పక్కన ఇరుక్కుని నడుం పోయింది. ఇంజిన్‌ని మోసే వెనక ఎడమ మౌంట్ రబ్బరు చీలిపోయిందని కొత్తది తెచ్చి పెట్టా, బోల్టు తిరుగుతూనే ఉంది గానీ పట్టట్లేదు, ఐడిల్‌లో బోటంతా దడదడ. ఇంకాస్త లావు బోల్టు వేసేస్తే సరిపోతుందా? వీకెండ్ అయిపోతోంది, తొందరగా చెప్పండి

కెమా_తెరచాప:
ఏ బోటు? ఏ ఇంజిన్?

గాలివాటం:
కేటలినా 30 అన్నా, 86 మోడల్. యూనివర్సల్ ఎం-25

డీజిల్‌బాబాయ్:
ఎం-25 ఆ! అయితే ముందు ఆల్టర్నేటర్ బ్రాకెట్ చూడు. బ్లాక్ కుబోటా ట్రాక్టర్‌దే, దానికి చావు లేదు, కానీ పాత రకం బ్రాకెట్ ఆ అదురుకి విరిగిందంటే ఇంజిన్ ముందు వైపు కవర్ కూడా పగిలి ఆయిలంతా బిల్జి (బోటు అడుగు) పాలు. వైరింగ్ ప్లగ్గులు కూడా కాలిపోతుంటాయి, అవి తీసేసి వైర్లు నేరుగా కలిపెయ్. ఫోటో పెట్టు

గాలివాటం:
బాబాయ్ నా గోల మౌంట్ గురించి 😭

బే_ఏరియా_పడవ:
లావు బోల్టు వద్దు. పోయింది మౌంట్ కాదు, కింద స్ట్రింగర్, అదే మౌంట్ బోల్టు దిగే దిమ్మె. పైన ఫైబర్‌గ్లాసే గానీ లోపల చెక్క, బోల్టు బొక్కల్లోంచి ఏళ్ల తరబడి నీళ్లు దిగి కుళ్లుతుంది. సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ పో, టకటకమనాల్సింది డబడబమంటే అక్కడ పోయినట్టే. కొంచెమే అయితే బొక్క పెద్దది చేసి, బాగా ఆరనిచ్చి, చిక్కటి ఎపాక్సీ నింపి మళ్లీ డ్రిల్ చెయ్యి. ఎక్కువుంటే పైన గ్లాస్ కోసి కుళ్లు మొత్తం తవ్వి తీసి కొత్త చెక్క పెట్టి గ్లాస్ వెయ్యాలి. ఇంజిన్‌ని బూమ్‌కి (తెరచాప అడుగున ఉండే అడ్డ కొయ్యకి) వేలాడదీయకు, కాక్‌పిట్ మీద అడ్డంగా గట్టి దుంగ వేసి చెయిన్ బ్లాక్ కట్టు.

డీజిల్‌బాబాయ్:
దాన్ని బెడ్ అంటారు, స్ట్రింగర్ అంటే హల్ (బోటు డొప్ప) పొడుగునా పోయేది

బే_ఏరియా_పడవ:
ఈ బోటులో ఇంజిన్ కూర్చునేది దాని మీదే కదండీ

డీజిల్‌బాబాయ్:
ముప్పై ఏళ్ల నుంచి బెడ్ అనే అంటున్నాం మేము

కెమా_తెరచాప:
ఏదో ఒకటి. అలైన్‌మెంట్, అంటే ఇంజిన్‌నీ ప్రొపెల్లర్ షాఫ్ట్‌నీ ఒకే వరసలోకి తేవడం, మాత్రం బోటు నీళ్లలో ఉన్నప్పుడే, దించాక ఒక రోజు ఆగి. ఆ రెండూ కలిసే 4 అంగుళాల కప్లింగ్‌కి, సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో చూస్తే తేడా 0.004 అంగుళం దాటకూడదు. లేకపోతే కొత్త మౌంట్లూ అదురుతాయి, షాఫ్ట్ బేరింగ్ కూడా అరిగిపోతుంది.

గాలివాటం:
స్క్రూడ్రైవర్ పెట్టి గుచ్చితే సగం దాకా దిగింది, నల్ల నీళ్లు కారుతున్నాయి. సరే ఈ వారం సెయిలింగ్ లేదు. థాంక్స్ అందరికీ

కెమా_తెరచాప:
మిగతా మూడు మౌంట్ల కిందా గుచ్చి చూశావా?