పుంజు నీరసపడింది, ఇస్తున్నవాటిలో ఏవి ఉంచాలి, ఏవి ఆపాలి?

తెల్లారికూత:

అందరికీ నమస్కారం. మా పుంజు పేరు దొర. వయసు రెండేళ్ళు దాటింది. కొన్నాళ్ళుగా వాడు వాడిలా లేడు. చీకటి ఉండగానే మొదలుపెట్టి ఇల్లంతా లేపేవాడు, ఇప్పుడు ఎండెక్కాక ఎప్పుడో ఒక కూత కూసి ఊరుకుంటున్నాడు. ఎర్రగా నిగనిగలాడే జుట్టు పాలిపోయింది. పగలంతా ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు కాస్త వాల్చి, ఓ మూల నిలబడి కునికిపాట్లు పడుతున్నాడు. ఎత్తుకుంటే ఒకప్పటి బరువు లేదు. తుమ్ములు లేవు, ముక్కు కారడం లేదు, మొహం వాయలేదు. రెట్టలో రక్తం లేదు గానీ అప్పుడప్పుడు ఆకుపచ్చగా పడుతోంది. పెట్టలు మాత్రం శుభ్రంగా తిరుగుతున్నాయి, గుడ్లు పెడుతున్నాయి.

ఇప్పుడు ఇస్తున్నవి చెప్తాను. పొద్దున్నే పసుపు, వెల్లుల్లి, మిరియాలు నూరి, నెయ్యి కలిపి ఉండ చేసి నోట్లో పెడుతున్నా. మింగకపోతే పైన కాస్త నూనె పోస్తే దిగిపోతోంది. తాగే నీళ్ళలో వెనిగర్. మధ్యాహ్నం బి కాంప్లెక్స్, మల్టీవిటమిన్ చుక్కలు. సాయంత్రం లివర్ టానిక్. పెట్టల కోసం తెచ్చిన కాల్షియం సిరప్ ఉంటే, బలానికి మంచిదే కదా అని అదీ ఓ మూత. విటమిన్ ఇ, సెలీనియం కలిసిన మందు కూడా ఇమ్మని ఒకరు చెప్పారు, అది ఇంకా మొదలుపెట్టలేదు. దాణా పెట్టలు తినేదే వీడికీ.

ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది. జ్వరమేమో, పారాసెటమాల్ ఇవ్వొచ్చా? పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళడం వారాంతం దాకా కుదరదు. ఇంట్లోవాళ్ళేమో "మాకెప్పుడైనా ఇన్ని మందులు తెచ్చావా" అని నవ్వుతున్నారు, నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది.

గింజలబుట్ట:

వెల్లుల్లి మాత్రం ఆపకండి అక్కా. మా దగ్గర ఏ కోడి డల్‌గా కనిపించినా రెండు రెబ్బలు చితక్కొట్టి నీళ్ళలో వేస్తాం, మర్నాటికి లేచి తిరుగుతుంది. నులిపురుగుల మందు కూడా ఒకసారి వేసి చూడండి. తింటూనే చిక్కిపోతోందంటే చాలాసార్లు పురుగులే ఉంటాయి.

గూటిపెద్ద:

ముందు పారాసెటమాల్ సంగతి. వద్దు. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ చుట్టూ ఉంటుంది. మనది 37. కాబట్టి నిక్షేపంలా ఉన్న కోడిని పట్టుకున్నా మన చేతికి జ్వరం ఉన్నట్టే అనిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే మీ పెట్టల్లో ఒకదాని రెక్క కింద చేయి పెట్టి చూడండి. ఈకలు ఉబ్బించుకున్నాడంటే ఒంట్లో వేడి నిలుపుకోలేక అవస్థ పడుతున్నాడని. గాలి కొట్టని చోట, 27 నుంచి 30 డిగ్రీల వేడి ఉండేలా ఒక పక్కన బల్బు పెట్టండి. ఒక పక్కనే పెట్టాలి, ఎక్కువనిపిస్తే వాడు రెండో పక్కకి జరగడానికి. పెట్టలు కనిపించేలా ఉంచితే బెంగ పెట్టుకోడు.

రెండోది కాల్షియం. ఇవాళే ఆపేయండి. గుడ్డు పెట్టే పెట్టకి పెంకు కోసం కాల్షియం కావాలి, అందుకే లేయర్ దాణాలో 3.5 నుంచి 4 శాతం దాకా కలుపుతారు. పుంజు గుడ్డు పెట్టడు కదా, వాడికి 1 శాతం ఉంటే చాలు. మిగిలినదంతా మూత్రపిండాలే బయటకు తోయాలి. అది ఎక్కువ కాలం సాగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, యూరిక్ ఆమ్లం లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు పేరుకుపోతుంది. దాన్నే గౌట్ అంటారు. రోజూ లేయర్ దాణా తినేవాడికి పైన సిరప్ కూడా అంటే మోయలేని బరువు. కోలుకునేదాకా కోడిపిల్లలకు పెట్టే దాణా విడిగా పెట్టండి. ప్రొటీన్ ఎక్కువ, కాల్షియం తక్కువ.

విడిగా పెట్టమనడానికి ఇంకో కారణం ఉంది. మంచి పుంజు ముందు తను తినడు. గింజ దొరికితే "టుక్ టుక్" అని పెట్టల్ని పిలిచి, ముక్కుతో ఎత్తి కింద పడేసి చూపిస్తాడు. మందలో ఉన్నంతసేపూ వాడి కడుపు సగమే నిండుతుంది. ఒంట్లో బాగున్నప్పుడు అది చెల్లుతుంది, ఇప్పుడు చెల్లదు.

మూడోది, నోట్లో నూనె పోయడం. ఒకసారి వాడి ముక్కు తెరిచి వెలుతురులో చూడండి. నాలుక మొదట్లో, సరిగ్గా మధ్యలో, చిన్న చీలిక తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. అది గాలిగొట్టం నోరు. మన గొంతులో ఉన్నట్టు దాని మీద మూత ఉండదు. నీరసంగా ఉన్న కోడి తల వెనక్కి వంచి నూనె పోస్తే కొంచెం అందులోకి జారినా చాలు, ఊపిరితిత్తుల్లో చేరి ఇంకో జబ్బు తెచ్చిపెడుతుంది. ఏదైనా ఇవ్వాల్సివస్తే సూది లేని సిరంజితో ముక్కు అంచున చుక్క వేయండి, వాడే నాకి మింగుతాడు. తర్వాత ఇంకో చుక్క.

మిగతావాటికి పెద్ద పంచాయితీ అక్కర్లేదు. బి కాంప్లెక్స్ ఉంచండి, ఎక్కువైనా నీళ్ళతో పోతుంది. మల్టీవిటమిన్‌లో ఎ, డి ఉంటాయి, అవి ఒంట్లో నిలవ ఉండిపోయే రకం, సీసా మీద రాసినంతే ఇవ్వండి. సెలీనియం మొదలుపెట్టొద్దు. సరిపోయే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ దాంట్లో తేడా చాలా తక్కువ. మెడ తిరిగిపోయిన కోళ్ళకి అది వాడతారు, మీవాడికి మెడ బాగానే ఉంది. వెనిగర్ వల్ల జబ్బు తగ్గదు, ఇస్తే ఇవ్వండి గానీ రేకు పాత్రలో మాత్రం పోయకండి, లోహాన్ని తినేస్తుంది. పసుపు, వెల్లుల్లి మేతలో కాస్త కలిస్తే నష్టం లేదు. ఉల్లిపాయ మాత్రం వద్దు, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. అసలే జుట్టు పాలిపోయిందంటున్నారు. లివర్ టానిక్ జోలికి నేను పోను, మీ ఇష్టం.

ఇక అసలు మాట. వాడి నోట్లోకి వెళ్ళేవన్నీ వివరంగా రాశారు. ఒళ్ళు తడిమి చూశానని ఎక్కడా లేదు. ఈ రాత్రికి మందులు పక్కన పెట్టి వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. రొమ్ము ఎముక తడమండి, రెండు వైపులా కండ ఉందా, ఎముక కత్తిలా తగులుతోందా? అరికాళ్ళు చూడండి, నల్లటి చెక్కు కట్టిన పుండు ఉందేమో. టార్చి వేసి రెక్కల కింద, ముఖ్యంగా తోక కింద ముడ్డి చుట్టూ ఈకలు విడదీసి చర్మం దాకా చూడండి. రేపు పొద్దున మేత పెట్టకముందే మెడ కింద మేతసంచి నొక్కి చూడండి. రాత్రంతా అరిగి అప్పటికి ఖాళీ కావాలి. గట్టిగా ముద్దలా ఉన్నా, నీళ్ళ తిత్తిలా ఉండి నోటి నుంచి పుల్లటి వాసన వస్తున్నా అది వేరే కథ.

ఆకుపచ్చ రెట్ట చూసి అప్పుడే హడలిపోకండి. తిండి సరిగా లేనప్పుడు పిత్తరసం ఒక్కటే దిగి అలా పడుతుంది. గోధుమ రంగులో జిగటగా, కంపు కొడుతూ రోజుకి ఒకటి రెండుసార్లు పడేది మామూలే.

పశువైద్య విద్యార్థి:

గూటిపెద్ద గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. ఆకుపచ్చ రెట్ట ఆకలి వల్ల రావచ్చు, నిజమే. కానీ దానితో పాటు నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ మెలితిరగడం, కాళ్ళు రెక్కలు పడిపోవడం కనిపిస్తే కొక్కెర తెగులు అనుమానించాలి. దానికి మందు లేదు, ముందుగా వేసే టీకానే దిక్కు. కోళ్ళు ఒక్కసారిగా చనిపోవడం, జుట్టు నీలంగా మారి వాయడం చూస్తే బర్డ్ ఫ్లూ కావచ్చు. అప్పుడు చేతులు పెట్టకుండా పశువైద్యశాఖకు కబురు చేయాలి. మీరు చెప్పినవాటిలో ఇవేవీ లేవు.

నులిపురుగుల మందు గుడ్డిగా వేయొద్దు. పుంజును తీసుకెళ్ళడం కుదరకపోతే తాజా రెట్ట చిన్న డబ్బాలో పెట్టి పంపండి. మైక్రోస్కోపు కింద పురుగుల గుడ్లు, కాక్సీడియా (పేగుల్లో పెరిగే కంటికి కనపడని పరాన్నజీవి) రెండూ తెలిసిపోతాయి. ఒకవేళ కాక్సీడియా అని తేలి ఆంప్రోలియం రాస్తే, ఆ కోర్సు అయ్యేదాకా బి కాంప్లెక్స్ ఆపాలి. ఆంప్రోలియం చూడ్డానికి బి1 విటమిన్‌లాగే ఉంటుంది, ఆ పరాన్నజీవి మోసపోయి దాన్ని తీసుకుని బి1 అందక చస్తుంది. పక్కనే మనం బి1 పోస్తుంటే మందు పని చేయదు. అలాగే టెట్రాసైక్లిన్ రకం యాంటీబయోటిక్ ఇస్తే కాల్షియం, పెరుగు ఒకే పూట ఇవ్వకూడదు. మందును పట్టేసి ఒంటికి అందనివ్వవు.

తెల్లారికూత:

దొరికింది! మేతసంచి పొద్దున ఖాళీగానే ఉంది. రొమ్ము ఎముక చేతికి గుచ్చుకుంటోంది. కాళ్ళు బాగున్నాయి. తోక కింద ఈకలు బయటికి కాస్త మురికిగా ఉన్నట్టు కనిపించాయంతే, విడదీస్తే మొదళ్ళన్నీ నల్లగా, జిడ్డుగా, మిరియాల పొడి చల్లినట్టు ఉన్నాయి. ఆ పొడి కదులుతోంది! టార్చి పట్టుకున్న నిమిషంలో నా మణికట్టు మీదకి పాకడం మొదలుపెట్టాయి. ఆవగింజలో పావు కూడా ఉండవు, కొన్ని బూడిద రంగు, కొన్ని ముదురు ఎరుపు. చర్మం మీద అక్కడక్కడా ఎండిన రక్తం పక్కులు. ఒళ్ళంతా దురద పుట్టి తల స్నానం చేసొచ్చి రాస్తున్నా. ఇవి పేలా? జుట్టు పాలిపోవడం వీటివల్లేనా? పెట్టల్లో రెండింటికి చూశా, కొద్దిగా ఉన్నాయి.

గూటిపెద్ద:

పేలు కావు, నల్లి. మంచాల్లో ఉండే నల్లి కాదు, ఇంగ్లీషులో మైట్ అంటారే, అది. పేలు లేత పసుపు రంగులో ఉండి వేలు తగలగానే పరిగెత్తుతాయి, ఈక మొదట్లో తెల్లగా గుత్తులుగా గుడ్లు పెడతాయి. నల్లగా జిడ్డు కట్టడం నల్లి గుర్తు. రక్తం తాగి బతుకుతుంది, అందుకే జుట్టు పాలిపోతుంది. ఇందులో ఒక రకం పుట్టడం, పెరగడం అంతా కోడి ఒంటి మీదే, ముడ్డి చుట్టూ. పుంజుల మీద ఎక్కువగా చూస్తుంటాం. పగలు కూడా ఒంటి మీద కనిపించాయంటే మీవాడికి అదే అనుకుంటున్నా. ఇంకోటి ఎర్ర నల్లి, అది పగలు గూటి పగుళ్ళలో దాక్కుని రాత్రి మాత్రమే ఎక్కుతుంది, తిండి లేకున్నా నెలల తరబడి బతుకుతుంది. అందుకని చీకటి పడ్డాక కోళ్ళు ఎక్కే కర్ర అడుగున తెల్లగుడ్డతో తుడిచి చూడండి. ఎర్రటి మరకలు పడితే గూడు కూడా కడగాల్సిందే.

కోళ్ళకు వాడొచ్చని సీసా మీద రాసి ఉన్న పెర్మెత్రిన్ పొడి గానీ స్ప్రే గానీ తెచ్చి, ముడ్డి చుట్టూ, రెక్కల కింద చర్మానికి తగిలేలా పట్టించండి. కళ్ళకి, ముక్కుకి వద్దు. ఇంట్లో పిల్లి ఉంటే ఆ దరిదాపులకి రానివ్వకండి, పిల్లులకు అది విషం. అన్ని కోళ్ళకీ ఒకే రోజు వేయాలి, లేకపోతే పెట్టల దగ్గర్నుంచి మళ్ళీ వీడికి ఎక్కుతాయి. పెట్టలు పెట్టే గుడ్లు తినొచ్చా లేదా అన్నది సీసా మీద ఎలా ఉంటే అలా చేయండి. మందుకి నల్లి గుడ్లు చావవు, వారం పది రోజులకి రెండోసారి వేయకపోతే మొదటిది దండగ. గూట్లో పరిచిన గడ్డి, పొట్టు మొత్తం తీసి కాల్చేయండి. పొడి మట్టిలో కట్టెల బూడిద కలిపి ఒక తొట్టిలో పోసి పెట్టండి, వాటంతట అవే పొర్లుతాయి.

గింజలబుట్ట:

రక్తం పట్టడానికి ఐరన్ చుక్కలు వేయొచ్చా అండీ? మా పిల్లలవి ఉన్నాయి ఇంట్లో.

గూటిపెద్ద:

వద్దండీ, ఐరన్ ఎక్కువైతే అదో విషం. రోజూ కాస్త ఉడికించిన గుడ్డు చిదిపి పెడితే చాలు, నల్లి పోతే రక్తం మెల్లగా వాడే పట్టించుకుంటాడు. ఒకటి రెండు రోజులు నీళ్ళలో ఓఆర్ఎస్ కలిపితే తేరుకుంటాడు, ఆ తర్వాత మామూలు నీళ్ళే.

తెల్లారికూత గారూ, ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఒంట్లో బాగున్న కోడి రోజంతా ముక్కుతో ఈకలు సవరించుకుంటూ నల్లిని ఏరుకుంటూనే ఉంటుంది. లోపల వేరే జబ్బు ఉండి అది మానేసినప్పుడు కూడా నల్లి ఇలాగే ముసురుతుంది. అంటే జబ్బు ముందో నల్లి ముందో ఇప్పుడే చెప్పలేం. కాబట్టి రెట్ట టెస్టు మానకండి. రోజూ పొద్దున మేతకి ముందు వాడిని తక్కెడ మీద పెట్టి బరువు రాసుకోండి. ఈకల్లో నల్లి పోయాక కూడా బరువు తగ్గుతూనే ఉంటే వారాంతం కోసం ఆగొద్దు, ఎలాగోలా వీలు చేసుకుని ఆ రాసిన కాగితంతో సహా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

తెల్లారికూత:

సరేనండీ. రెట్ట డబ్బా రేపు పంపిస్తున్నా. పొడి తెప్పించాను, సీసా మీద కోళ్ళ బొమ్మ ఉంది, పెట్టలకీ వాడొచ్చని రాసుంది. కాల్షియం పెట్టల వైపు పెట్టేశా. గూడు ఖాళీ చేసే పని మా నవ్వేవాళ్ళకే అప్పగించాను.