ఇంజిన్ ఫుల్ పని అయ్యాక ఏటీవీ క్లచ్ వదలట్లేదు, వైరు బిగిస్తే జారుతోంది

చెరువుగట్టు_పాలకొల్లు

నమస్కారమండి. రొయ్యల చెరువుల మీద మేత బస్తాలు తిప్పే 200 సీసీ ఏటీవీ (లావు టైర్ల నాలుగు చక్రాల బండి). ఎయిర్ కూల్డ్, కార్బురేటర్, చేతి క్లచ్, వెనక ఇరుసుకి చైను. వానలకి గట్టు జారి బండి చెరువులో దిగిపోయింది, ఉప్పు నీరు ఇంజిన్లోకి వెళ్లింది. మొత్తం విప్పించి కనెక్టింగ్ రాడ్ కిట్, బోరు చేయించి 0.50 ఓవర్‌సైజ్ పిస్టన్, రింగులు, బేరింగులు, ఆయిల్ సీళ్లు మార్పించాం. క్లచ్‌లో ఫ్రిక్షన్ ప్లేట్లు కొత్తవి. స్టీల్ ప్లేట్లు, స్ప్రింగులు పాతవే.

ఇప్పుడు లివరు పూర్తిగా నొక్కి ఫస్ట్ గేరు వేస్తే బండి ఒక్కసారి ముందుకు దూకి ఆగిపోతోంది. వేడెక్కాక న్యూట్రల్ దొరకదు. వెనక చక్రాలు జాకీ మీద లేపి, గేరులో లివరు నొక్కి పట్టుకున్నా చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. వైరు బాగా బిగిస్తే గేరు కొంచెం పడుతోంది కానీ, నాలుగు బస్తాలతో గట్టు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తోంది, బండి లాగట్లేదు. వదలకపోవడం, జారడం రెండూ ఒకే క్లచ్‌లో ఎలా వస్తాయండి? స్ప్రింగులు మార్చమంటారా?

గేరుపెట్టె

స్ప్రింగుల జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీ అసలు జబ్బు ఒక్కటే, క్లచ్ వదలకపోవడం. జారడం మీరు వైరు బిగించడం వల్ల వచ్చింది. లివరు చివర 10 నుంచి 20 మి.మీ. వదులు ఉండాలి. అది లేకుండా బిగిస్తే, చెయ్యి తీసేసినా లోపల లిఫ్టర్ (వైరు లాగితే ప్లేట్లని వదిలించే భాగం) కొద్దిగా నొక్కుతూనే ఉంటుంది, ప్లేట్ల మీద స్ప్రింగుల బలం పూర్తిగా పడదు. బరువు మీద జారక ఏం చేస్తుంది? అలా తోలితే కొత్త ప్లేట్లు మాడిపోతాయి. ముందు ఆ వదులు తిరిగి ఇచ్చేయండి. బండి కదలదనిపిస్తే కదపకండి, అంతే.

ఇక వదలకపోవడం. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే పట్టుకుంటే ఆయిల్ జిగురు అనుకోవచ్చు. వేడెక్కాక కూడా చక్రాలు తిరుగుతున్నాయంటే లోపల ఏదో తగులుతోంది. కుడి పక్క కవరు విప్పాల్సిందే.

విప్పాక నాలుగు స్ప్రింగులూ తీసేయండి, నడిమి నట్టు మాత్రం బిగించే ఉంచండి. స్పార్క్ ప్లగ్ తీయొద్దు, కంప్రెషన్ కావాలి. గేరులో పెట్టి వెనక చక్రం చేత్తో తిప్పండి. స్ప్రింగులు లేవు కాబట్టి క్లచ్ సెంటర్ (గేరు షాఫ్ట్‌కి బిగిసే లోపలి భాగం) మాత్రమే తిరగాలి, బాస్కెట్ (ఇంజిన్‌తో తిరిగే బయటి గిన్నె) కదలకూడదు. ఆయిల్ తడికి కాస్త లాగినట్టుంటే ఫర్వాలేదు. చక్రంతో పాటు క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇంజిన్ షాఫ్ట్) కూడా తిరిగి కంప్రెషన్ చేతికి తగిలిందంటే, బాస్కెట్, సెంటర్ ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయన్న మాట. ఇక వైరు ఎంత లాగినా వదలదు.

తర్వాత బాస్కెట్‌ను రెండు వేళ్లతో పట్టుకుని షాఫ్ట్ వెంబడి ముందుకూ వెనక్కూ లాగి చూడండి. కొద్దిగా, కంటికి ఆనేంత ఆట ఉండాలి. అసలు లేకపోతే నట్టు బిగింపు బాస్కెట్ మీదే పడుతోంది. ఇంజిన్ విప్పి కట్టిన బళ్లలో ఇలా జరిగేది ఎక్కువగా బాస్కెట్ లోపలి కాలర్ (షాఫ్ట్ మీద వేసే ఉక్కు గొట్టం ముక్క) దగ్గర, లేదంటే బాస్కెట్‌కీ సెంటర్‌కీ మధ్య ఉండే పళ్ల వాషర్ దగ్గర. కాలర్ వేయడం మర్చిపోవడం, వేరే మోడల్‌ది వేయడం, వాషర్ పక్క మారిపోవడం, ఈ మూడూ చూడండి.

కోటిపల్లి_రేవు

పై అన్నయ్య చెప్పింది ముందు చేయండి. దానితో పాటు స్టీల్ ప్లేట్లు. ఉప్పు నీరు తాగిన స్టీల్ ప్లేట్లని తుడిచి మళ్లీ వేయడం నాకైతే సమ్మతం కాదు. తుప్పు గుంటలు కొత్త ఫ్రిక్షన్ ప్లేట్ల పూతని గీకేస్తాయి. ఒక్కో ప్లేటునీ మందపాటి అద్దం మీద పడేసి చుట్టూ ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) దూర్చండి. 0.20 మి.మీ. దూరితే ఆ ప్లేటు పారేయండి. ఈ రకం ఇంజిన్లకి కొత్త ఫ్రిక్షన్ ప్లేటు 3 మి.మీ. దగ్గర ఉంటుంది, 2.6 కి దిగితే అయిపోయినట్టే. కొన్ని లోకల్ ప్లేట్లు మందంగా వస్తాయి, వెర్నియర్‌తో అన్నీ కొలవండి. కట్టేముందు కాసేపు ఇంజిన్ ఆయిల్లో నానబెట్టండి, పొడిగా వేస్తే మొదటి స్టార్టుకే అతుక్కుంటాయి.

బాస్కెట్ గాడుల అంచుల మీద గోరు పెట్టి లాగి చూడండి. ప్లేట్ల చెవులు కొట్టి గుంటలు పడుంటే, లివరు నొక్కినా ప్లేట్లు అక్కడే ఇరుక్కుంటాయి. చిన్నవైతే సన్న ఆకురాయితో సాపు చేయొచ్చు, లోతైతే బాస్కెట్ మార్చాలి.

ఆయిల్ ఏం పోశారు? 20డబ్ల్యూ-40, డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల ఆయిల్ ప్రమాణం) ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉండాలి. ఎంబీ అని ఉన్నది స్కూటర్లది, మీలాంటి ఆయిల్లో తడిసే క్లచ్‌కి పనికిరాదు. కార్లలో పోసే పల్చటి పెట్రోలు ఇంజిన్ ఆయిలూ వద్దు.

చెరువుగట్టు_పాలకొల్లు

విప్పామండి. వైరు వదులు చేసి, స్ప్రింగులు తీసి చక్రం తిప్పితే కంప్రెషన్ తగులుతోంది. బాస్కెట్‌కి ఆట సున్నా. కాలర్ ఉంది, కానీ కొత్తది. పాతది తుప్పు పట్టిందని మార్చారట. వెర్నియర్ పెడితే బాస్కెట్ బొడ్డు (కాలర్ దూరే నడిమి భాగం) కంటే కాలరే 0.1 మి.మీ. పొట్టి. పళ్ల వాషర్ మీద ఒక పక్క గుండ్రంగా మెరిసే గీత పడింది. స్టీల్ ప్లేట్లలో రెండు 0.3 దూరుతున్నాయి. పాత కాలర్ మెకానిక్ దగ్గరే ఉంది. బొడ్డుని కొంచెం ఆకురాయి పట్టిస్తే సరిపోతుందా?

గేరుపెట్టె

దొరికింది. కాలర్ బొడ్డు కంటే కాస్త పొడుగుండాలి. నట్టు బిగింపు కాలర్, వాషర్, సెంటర్ మీదుగా వెళ్లి, బాస్కెట్ మధ్యలో స్వేచ్ఛగా తిరగాలి. మీ దాంట్లో కాలర్ పొట్టి కాబట్టి వాషర్ వచ్చి బాస్కెట్ మీద కూర్చుంది. ఆ మెరుపు గీత అదే.

బొడ్డుని అరగదీయొద్దు. చేత్తో ఆకురాయి పడితే ముఖం వంకర అవుతుంది, బాస్కెట్ ఒక పక్కే ఆనుతుంది. లేత్ మీద మామూలు ఇనుముతో కాలర్ తిప్పించొద్దు, అది గట్టిపరిచిన ఉక్కు కాదు, తొందరగా అరిగి ప్రైమరీ గేరు అరుస్తుంది. పాత కాలర్ తెప్పించి పొడవు కొలవండి. పొడవు సరిపోయి, బయటి ముఖం మీద తుప్పు మరక మాత్రమే ఉంటే సన్న నీటి కాగితంతో రుద్ది వాడొచ్చు. గోటికి తగిలే గుంటలుంటే మీ ఇంజిన్ నంబరు చెప్పి ఆ మోడల్‌దే తెప్పించండి. కొట్లోనే బాస్కెట్‌లో దూర్చి చూసి కొనండి, రెండు పక్కలా వెంట్రుకవాసి బయటికి రావాలి. స్టీల్ ప్లేట్లు రెండే కాదు, సెట్టు మార్చేయండి. గీత పడ్డ వాషర్ కూడా.

కట్టేటప్పుడు టాప్ గేరులో పెట్టి వెనక బ్రేకు తొక్కి పట్టుకుంటే నడిమి నట్టు బిగుస్తుంది. ఉలీ సుత్తీ పెట్టి కొట్టకండి, నాలుగు గాట్ల సాకెట్టు తెచ్చుకోండి. లాక్ వాషర్ మీద అవుట్‌సైడ్ అని ఉంటే ఆ ముఖం బయటికి. నట్టు బిగిశాక, స్ప్రింగులు వేయకముందే, మళ్లీ ఆ చక్రం పరీక్ష చేయండి. స్ప్రింగు బోల్టులు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, 10–12 న్యూటన్ మీటర్లు. ఎక్కువ బిగిస్తే అల్యూమినియం స్తంభాలు విరుగుతాయి.

కోటిపల్లి_రేవు

ఒక్క మాట. వాషరూ బొడ్డూ రాసుకున్నాయి కాబట్టి ఆయిల్లో లోహపు పొడి కలిసే ఉంటుంది. కవరు ఎలాగూ విప్పారు, ఆయిల్ జాలీ తీసి పెట్రోలుతో కడగండి. క్రాంక్ చివర తిరిగే ఆయిల్ ఫిల్టర్ మూత కూడా విప్పి లోపలి మడ్డి తుడవండి, కొత్త రాడ్ బేరింగుకి వెళ్లే ఆయిల్ దాని గుండానే పోతుంది. పాత ప్యాకింగ్ మీద ఇంకోటి వేసి మందం పెంచొద్దు, లిఫ్టర్ దూరమై నొక్కుడు తగ్గుతుంది. కొత్త ఆయిల్ పోసి కాసేపు తోలాక ఒకసారి వంపి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపల ఇంకా నీరుందని, మళ్లీ మార్చాలి.