బ్లడ్‌బాత్ అసలు బ్యాండా, పెద్దోళ్ళ సెలవు సరదానా?

మారతహళ్ళి_రిఫ్:
జామ్‌ప్యాడ్ (బ్యాండ్లు ప్రాక్టీస్ చేసుకునే అద్దె గది) బయట టీ కొట్టు దగ్గర తేలని గొడవ ఇక్కడ తేల్చుకుందాం. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1998లో స్టాక్‌హోమ్‌లో నలుగురు స్నేహితులు పెట్టిన డెత్ మెటల్ (గర్జించే గొంతు, బరువైన గిటార్ల సంగీతం) బ్యాండ్ బ్లడ్‌బాత్. ఓపెత్ నుంచి ఆకర్‌ఫెల్ట్, కటటోనియా నుంచి నీస్ట్రోమ్, రెంక్సే, ఎడ్జ్ ఆఫ్ శానిటీ నుంచి డాన్ స్వానో. తొంభైల మొదట్లో సన్‌లైట్ స్టూడియో నుంచి ఎంటూంబ్డ్, డిస్మెంబర్ బ్యాండ్లు తెచ్చిన ఆ రంపపు కోత గిటార్ సౌండ్ మీద వీళ్ళకి మోజు. ఎవరి బతుకుతెరువు బ్యాండ్ వాళ్ళకుంది. నా దృష్టిలో ఇది బ్యాండ్ కాదు. పాడేవాడు ఆకర్‌ఫెల్ట్ 2004 ఆల్బమ్‌లో ఉండడు, 2008 ఆల్బమ్‌కి వస్తాడు, 2012లో మళ్ళీ పోతాడు. ఇదేం బ్యాండ్?

కడప_గ్రౌల్:
ఆరు ఆల్బమ్‌లు తీసినవాళ్ళు బ్యాండ్ కాదా అన్నా? మన బెంగుళూరులో ‘సీరియస్’ అని చెప్పుకునేవాళ్ళలో ఆరు పాటలు రికార్డ్ చేసినవాళ్ళు ఎంతమంది?

ఇంకో సంగతి. రెంక్సే గొంతు గ్రౌల్‌కి, అంటే గర్జించినట్టు పాడటానికి, పనికిరాకుండా పోయింది. అందుకే 1996లో కటటోనియా ఆల్బమ్ ‘బ్రేవ్ మర్డర్ డే’కి గ్రౌల్స్ పాడిపెట్టింది ఆకర్‌ఫెల్టే. ఆ తర్వాత కటటోనియా మెత్తబడిపోయింది. మరి డెత్ మెటల్ పిచ్చి ఉన్నవాడు ఎక్కడికి పోవాలి? బ్లడ్‌బాత్‌లో బేస్ పట్టుకున్నాడు. 2014లో ప్యారడైజ్ లాస్ట్ బ్యాండ్ నిక్ హోమ్స్ బ్లడ్‌బాత్‌లో పాటగాడిగా చేరాడు. ఆయన సొంత బ్యాండ్‌లో గ్రౌల్ మానేసి ఎన్నేళ్ళో. మరుసటి ఏడాది ప్యారడైజ్ లాస్ట్ ఆల్బమ్ ‘ద ప్లేగ్ విదిన్’లో మళ్ళీ గ్రౌల్స్! సైడ్ ప్రాజెక్ట్ వల్ల అసలు బ్యాండ్‌కే మేలు జరిగింది.

బేస్_బాబాయ్:
టేగ్ట్‌గ్రెన్ పాడిన 2004 ఆల్బమే అన్నిటికన్నా మేలు. మిగతాది మీ ఇష్టం.

హెచ్‌ఎం_టూ:
రంపపు కోత సౌండ్‌ని స్టూడియో ఖాతాలో వెయ్యకండి. అది బాస్ కంపెనీ హెచ్‌ఎం-2 పెడల్, గిటార్ మోతని మార్చే డబ్బా. నాలుగు నాబ్‌లూ చివరికంటా తిప్పాలి, అంతే.

మారతహళ్ళి_రిఫ్:
పెడల్ సంగతి ఇప్పుడెవరడిగారు గురూ.
@కడప_గ్రౌల్, హోమ్స్ ఆ ఏడాది గ్రౌల్ చేశాడు కాబట్టి బ్లడ్‌బాతే చేయించిందనడం నీ ఊహ. స్వానోని చూడు. మొదటి ఆల్బమ్‌లో డ్రమ్స్, రెండోదానికి గిటార్, ఆ తర్వాత మనిషే లేడు. నిలకడ లేనిచోట బ్యాండ్ ఎక్కడిది?

హెచ్‌ఎం_టూ:
అడగలేదు నిజమే, కానీ మొదటి పోస్టులో సన్‌లైట్ అని రాసింది మీరే. పెడల్ లేకుండా సన్‌లైట్‌లో కూర్చుంటే ఆ మోత రాదు.

కడప_గ్రౌల్:
2009లో ఓపెత్ చెన్నై ఐఐటీ ఫెస్ట్ సారంగ్‌కి వస్తే రాత్రి బస్సెక్కి పోయినవాళ్ళమే మనం. అదే ఆకర్‌ఫెల్ట్ 2011లో ఓపెత్ ఆల్బమ్ ‘హెరిటేజ్’కి వచ్చేసరికి గ్రౌల్ పూర్తిగా పక్కన పెట్టాడు. మరుసటి ఏడాది బ్లడ్‌బాత్ కూడా వదిలేశాడు. మనసు అటు లేనప్పుడు ఈడ్చుకురాకుండా తప్పుకున్నాడు. నాకైతే అది నిజాయితీ.

మారతహళ్ళి_రిఫ్:
ఓహో, మధ్యలో లేచిపోవడానికి నిజాయితీ అని పేరా? అయితే విను. మాదొక బ్యాండ్ ఉండేది. గిటార్ ట్రాకులు అయిపోయాయి, బేస్ అయిపోయింది. డ్రమ్స్ రికార్డింగ్‌కి స్టూడియో మాట్లాడి అడ్వాన్స్ కట్టాక మా డ్రమ్మర్‌కి ఇంకో మూడు బ్యాండ్ల పెద్దమనుషుల నుంచి పిలుపొచ్చింది, ‘ఊరికే సరదాకి’ అని. వాళ్ళ ఈపీ (నాలుగైదు పాటల చిన్న రికార్డు) వచ్చేసింది. మా ఆల్బమ్ హార్డ్‌డిస్క్‌లో పడుంది. నా చేత సైడ్ ప్రాజెక్టులకి దణ్ణం పెట్టించకండి.

బేస్_బాబాయ్:
అదీ సంగతి 😄

సిల్క్‌బోర్డు_బ్లాస్ట్‌బీట్:
పేరు రాయకపోయినా ఆ డ్రమ్మర్ నేనేనని ఇక్కడ అందరికీ తెలుసు, కాబట్టి నేనూ చెప్తా. శనివారం సాయంత్రం సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో స్నేర్ ఒళ్ళో, ట్విన్ పెడల్ బ్యాగ్ కాళ్ళ మధ్య పెట్టుకుని ఆటోలో వచ్చేవాణ్ణి. గంటకింతని అద్దె కట్టిన గదిలో సగం టైమ్ నీ ఉపన్యాసానికే. కొత్తగా ఒక్క ఫిల్ (పాట మధ్యలో డ్రమ్స్ మీద చిన్న మెరుపు) వేస్తే ‘డెమోలో అది లేదు’ అని ఆపేసేవాడివి. నేను పాటలు వాయించలేదన్నా, నీకు అప్పజెప్పాను. అవతల గదిలో తప్పు కొడితే నవ్వి, ‘ఇంకోసారి అదే కొట్టు, బాగుంది’ అన్నారు.

మారతహళ్ళి_రిఫ్:
నవ్వుతారు, ఎందుకు నవ్వరు? ఆ రికార్డు పోతే వాళ్ళకి పోయేదేమీ లేదు. సోమవారం ఎవరి బ్యాండ్‌లోకి వాళ్ళు వెళ్ళిపోతారు. పోస్టర్ మీద పాత బ్యాండ్ల పేర్లు వేస్తే చాలు, జనం వస్తారు. నాకు రెండో బ్యాండ్ లేదు తమ్ముడూ. ఉన్నది అదొక్కటే.

కడప_గ్రౌల్:
ఇది మొదట్లోనే చెప్తే పోయేది కదా అన్నా. పాపం, మధ్యలో ఆ స్వీడన్ వాళ్ళనెందుకు తిట్టావు?

మారతహళ్ళి_రిఫ్:
రెండూ ఒకటే కాబట్టి. అదే సౌండ్‌ని ఊరూపేరూ లేని నలుగురు కుర్రాళ్ళు వాయిస్తే ‘పాతదే మళ్ళీ వాయిస్తున్నారు’ అంటాం. పేరున్నవాళ్ళు వాయిస్తే ‘నివాళి’ అంటాం.

సిల్క్‌బోర్డు_బ్లాస్ట్‌బీట్:
బ్లడ్‌బాత్ మొదటి ఈపీ 2000లో వచ్చింది. ఓపెత్‌కి పెద్ద పేరు తెచ్చిన ‘బ్లాక్‌వాటర్ పార్క్’ 2001లో. అప్పటికి ఆకర్‌ఫెల్ట్ పేరుకి ఏ ఊళ్ళో పోస్టర్ నిండేది? నలుగురూ బీరు తాగుతూ ఇష్టమైన పాటలు కట్టుకున్నారు. జనం తర్వాత వచ్చారు. నువ్వు వరస తిరగేస్తున్నావు.

ఇంకా కోపంగానే ఉన్నాను. అయినా నీ ఆల్బమ్ నా వల్ల ఆగిందన్న మాట నాకొద్దు. ట్రాకులు, క్లిక్ (తాళం పట్టడానికి టిక్‌టిక్ ట్రాక్) పంపు. నెలలోపు డ్రమ్స్ కొట్టి ఇస్తా, స్టూడియో డబ్బులు నావే. ఫిల్స్ మాత్రం నా ఇష్టం.

మారతహళ్ళి_రిఫ్:
ట్రాకులు పంపుతా. ఫిల్స్ డెమోలో ఉన్నట్టే ఉండాలి.

సిల్క్‌బోర్డు_బ్లాస్ట్‌బీట్:
అయితే డ్రమ్ మెషీన్‌కి పంపు. అది ఎదురు చెప్పదు.